సావర్‌కు మళ్లీ వెళ్లేవాళ్లు

(ఫిజియోథెరపీ విద్యార్థుల ముందు చేసిన స్మారకోపన్యాస పాఠం)

ఢాకా నుంచి వాయవ్యంగా పాతిక కిలోమీటర్లు వెళితే సావర్ వస్తుంది. బయటి ప్రపంచానికి ఆ ఊరు ఒక్క దుర్ఘటనతోనే తెలుసు. 2013 ఏప్రిల్ 24న అక్కడ రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలి 1,134 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మన ఒంటి మీదికి వచ్చే చొక్కాలూ ప్యాంట్లూ కుట్టినవాళ్లే. బంగ్లాదేశీయులకు సావర్ అంటే ముందు గుర్తొచ్చేది 1971 అమరవీరుల జాతీయ స్మారకం. ఈ రెండూ కాక ఊళ్లో మరొక చోటు ఉంది. చెట్టు మీంచి పడ్డ కొడుకునో, బస్తా మోస్తూ జారిపడ్డ భర్తనో తీసుకుని దేశం నలుమూలల నుంచీ జనం అక్కడికి చేరుకుంటారు. దాని పూర్తి పేరు సెంటర్ ఫర్ ద రీహాబిలిటేషన్ ఆఫ్ ద పారలైజ్డ్. నోరు తిరగని పేరు కాబట్టి రిక్షావాళ్ల దగ్గర్నుంచి మంత్రుల దాకా అందరూ సీఆర్‌పీ అనే అంటారు.

ఆ కేంద్రానికి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు రెండు రకాలు. బ్రిటన్ నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చి, కొన్నాళ్లు వాలంటీర్లుగా పనిచేసి, ఏళ్లు గడిచాక చూసిపోదామని వచ్చేవాళ్లు మొదటి రకం. వాళ్లకు టీ ఇస్తారు, కొత్త భవనాలు చూపిస్తారు, పాత ఫొటోలు బయటికి తీస్తారు. వైద్యం ముగించుకుని ఇంటికి వెళ్లి, పిరుదు మీద అరచేయంత పుండుతో జ్వరంతో మళ్లీ వచ్చేవాళ్లు రెండో రకం. ఈ రెండో రకం మళ్లీ రాకుండా ఉండాలనే ఆ సంస్థ నలభై ఏళ్లకు పైగా కష్టపడుతోంది. విదేశీ విరాళాలతో నడిచే సేవాసంస్థలను చూడ్డానికి వెళ్లేవాళ్లు మొదటి రకం సంగతులే ఎక్కువగా రాస్తారు. ఈ ఉపన్యాసం మాత్రం రెండో రకం గురించి.

సీఆర్‌పీని మొదలుపెట్టిన వాలెరీ టేలర్ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. ఇంగ్లండులో 1944లో పుట్టిన ఆమె ఫిజియోథెరపిస్టు. 1969లో వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్ అనే సంస్థ తరఫున అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, చిట్టగాంగ్ వైపున ఉన్న చంద్రఘోనా క్రైస్తవ ఆసుపత్రికి వచ్చారు. 1971 యుద్ధం మొదలయ్యాక వెళ్లిపోవాల్సి వచ్చింది. యుద్ధం పూర్తిగా ముగియకముందే తిరిగొచ్చారు. తర్వాత డబ్బు పోగుచేయడానికి ఇంగ్లండు వెళ్లి, 1975లో ఢాకాలోని షహీద్ సుహ్రావర్దీ ఆసుపత్రిలో పనిలో చేరారు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కోసం విడిగా ఓ చోటు కావాలని నాలుగేళ్లు అడగ్గా అడగ్గా, 1979లో ఆసుపత్రి ఆవరణలో వాడకంలో లేని రెండు సిమెంటు గోదాములు ఆమెకు ఇచ్చారు. నలుగురు రోగులతో సీఆర్‌పీ మొదలైంది. అద్దె ఇళ్లు మారుతూ, మారుతూ 1990లో సావర్‌లో సొంత స్థలానికి చేరింది. 1995లో బ్రిటన్ ఓబీఈ బిరుదు, 1998లో బంగ్లాదేశ్ పౌరసత్వం, 2004లో ఆ దేశ అత్యున్నత పౌర పురస్కారమైన స్వాధీనతా పదక్ ఆమెకు దక్కాయి. బిరుదుల సంగతి ఇంతటితో చాలు.

ఆ గోదాముల్లోకి వచ్చిందెవరు, ఎలా దెబ్బతిని వచ్చారు అన్నదే అసలు విషయం.

సంపన్న దేశాల్లో వెన్నుపాము గాయం అనగానే కారు ప్రమాదం గుర్తొస్తుంది. బంగ్లాదేశ్‌లో ఈ లెక్క వేరు. 1994-95లో సీఆర్‌పీకి వచ్చిన రోగుల మీద ఒక అధ్యయనం జరిగింది. ఎత్తు నుంచి పడటం అందులో మొదటి కారణంగా తేలింది. తల మీద బరువు మోస్తూ పడిపోవడం రెండోది. రోడ్డు ప్రమాదాలు ఆ తర్వాతే వచ్చాయి. పనస చెట్టెక్కి పడ్డవాళ్లు, కొబ్బరి చెట్టు మీంచి జారినవాళ్లు, పరంజి మీంచి కూలినవాళ్లు మొదటి జాబితాలోకి వస్తారు. రెండోది తల మీద బరువులు మోసే పల్లెల్లో జరిగే ప్రమాదం. చుట్టకుదురు పెట్టుకుని తల మీద యాభై అరవై కిలోల బస్తాతో బురద గట్టు మీద నడుస్తున్న మనిషిని ఊహించండి. కాలు జారుతుంది. ఉత్త చేతులతో ఉన్నవాడైతే చేతులు నేలకానించి మోకాళ్ల మీద పడతాడు. ఇతని చేతులు బస్తాను పట్టుకుని ఉన్నాయి. ఒళ్లు ఒకవైపు, బస్తా ఒకవైపు పోతుంటే మధ్యలో మెడ నలిగిపోతుంది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే కాళ్లతో పాటు చేతులూ చచ్చుబడతాయి. ఇంటిల్లిపాదికీ కూడు పెట్టే చేతులవి.

కాలం మారే కొద్దీ కొత్త కారణాలు చేరాయి. బ్యాటరీ రిక్షాలు వచ్చాక ఆడవాళ్ల ఓర్నా, అంటే మన చున్నీ, చక్రంలోనో మోటారు ఇరుసులోనో చుట్టుకుని మెడ విరిగిన కేసులు సీఆర్‌పీకి రావడం మొదలైంది. వాళ్లలో ఎక్కువమంది చదువుకునే అమ్మాయిలు. మోటారు సైకిలు వెనక సీట్లో కూర్చునేటప్పుడు చున్నీ ముడేసుకోమని మన ఇళ్లలో అమ్మలు అరిచేది ఊరికే కాదు.

మన దగ్గర తాటిచెట్లు ఉన్నాయి. మోకు జారి చెట్టు మీంచి పడే గీత కార్మికుల సంగతి తెలంగాణలో పత్రిక తిరగేసేవాళ్లందరికీ తెలుసు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షా కవచం పేరుతో భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. పడకుండా ఆపే ప్రయత్నమది, మంచిదే. పడ్డవాడు మాత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మంచం మీద ఏ స్థితిలో ఉంటాడన్నది వేరే సమస్య. పరిహారం చెక్కు అందిన రోజుతో పత్రికల్లో ఆ వార్త ఆగిపోతుంది.

సావర్‌లో ఆగకుండా ముందుకు సాగేది, వార్త ఆగిపోయిన తర్వాతి ఆ భాగమే.

ఆవరణలోకి అడుగు పెట్టగానే కొత్తవాళ్ల కంట పడేవి ట్రాలీలు. కింద చక్రాలున్న పొడవాటి బల్లల మీద బోర్లా పడుకుని, చేతులతో చక్రాలు తోసుకుంటూ మగపిల్లలు వరండాల్లో తిరుగుతుంటారు. చూసేవాళ్లకు జాలి వేస్తుంది. వాళ్లకు మాత్రం జాలితో పని లేదు. పిరుదుల మీద పుండు మానేదాకా కూర్చోకూడదు. అలాగని మంచం మీదే పడి ఉంటే కండలు కరిగిపోతాయి, మనసు కుంగిపోతుంది. బోర్లా పడుకుంటే పుండు మీద బరువు పడదు, చేతులకు వ్యాయామం అవుతుంది, చాయ్ దుకాణం దాకా వెళ్లి నాలుగు కబుర్లూ చెప్పుకోవచ్చు. అందులో ఖరీదైన వస్తువేమీ లేదు. ఇనుప పని, వడ్రంగం తెలిసినవాళ్లు సావర్ వర్క్‌షాపులోనే చేసిస్తారు. వీల్‌చైర్లూ అక్కడే తయారవుతాయి. మట్టి దారిలో, ఎగుడుదిగుడు గట్ల మీద నడిచేలా మూడు చక్రాల రకం కూడా చేస్తారు. ఎయిర్‌పోర్టుల్లో కనిపించే మెరిసే కుర్చీ బంగ్లా పల్లెలో వర్షాకాలం మొదటి వారానికే మూలన పడుతుంది.

ఈ పుండు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇక్కడి విద్యార్థులు పాఠంలో చదివి ఉంటారు. ఇంటిదగ్గర దాన్ని చూసుకోవాల్సింది మాత్రం చదువురాని అక్కో వదినో. మనమంతా నిద్రలో తెలియకుండానే అటూ ఇటూ దొర్లుతాం. ఒకేచోట బరువు పడితే చర్మం మంట పెడుతుంది, పక్కకు తిరుగుతాం. వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి ఆ మంట తెలియదు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందక కొన్ని గంటల్లోనే అది చచ్చుబడటం మొదలవుతుంది. మొదట ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. తర్వాత బొబ్బ లేస్తుంది. ఆ తర్వాత ఎముక కనిపించేంత లోతు గుంట. దాంట్లోంచి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణం పోతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, పగలు రాత్రి తేడా లేకుండా. కుర్చీలో ఉంటే తరచూ చేతుల మీద ఒళ్లు పైకెత్తి పట్టుకోవాలి. పొద్దున లేవగానే చేతి అద్దంలో వెనకభాగం చూసుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధంలో ఇలా దెబ్బతిన్న సైనికుల్లో అత్యధికులు ఎక్కువ కాలం బతకలేదు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లూడ్విగ్ గట్మన్ అనే డాక్టరు వేళ తప్పకుండా రోగులను తిప్పించడం, మూత్రనాళం శుభ్రంగా ఉంచడం, రోగిని పనిలోకీ ఆటల్లోకీ దించడం మొదలుపెట్టాకే ఆ లెక్క మారింది. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన రోజునే, ఆయన తన ఆసుపత్రి పచ్చికలో పదహారు మందితో విలువిద్య పోటీ పెట్టాడు. నేటి పారాలింపిక్స్‌కు మూలం అదే. సావర్‌లో సాయంత్రం పూట వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లు అది వినోదం అనుకుంటారు. ఆ ఆట కూడా చికిత్సే.

సీఆర్‌పీలో రోగి వెంట ఇంటివాళ్లొకరు ఉండాల్సిందే. తిప్పడం, తుడవడం, గొట్టం మార్చడం నర్సు చేత చేయించుకుని వెళితే ఇంటికెళ్లిన వారానికే అంతా తలకిందులవుతుంది. అందుకే తల్లికో భార్యకో ఆ పని నేర్పుతారు. ఇంటికి పంపేముందు కొన్నాళ్లు ‘హాఫ్‌వే హాస్టల్’లో ఉంచుతారు. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మజిలీ అది. అక్కడ కుర్చీలోంచి మంచం మీదికీ, మంచం మీంచి కింద చాప మీదికీ మారడం, కూర్చునే వంట చేసుకోవడం, గడప దాటడం సాధన చేయాలి. అక్కడ ‘బాబూ, నేను చేస్తాను ఉండు’ అని సాయానికి ఎవరూ రారు. మర్యాదగా పెరిగిన మన లాంటి అతిథికి ఆ దృశ్యం మింగుడు పడదు. కానీ ఆ మొండితనం వెనకే ఆ సంస్థ బుద్ధి ఉంది.

ఇంత చేసి పంపినా, ఇంటికి చేరాక ఏం జరుగుతోంది? సీఆర్‌పీ ఈ ప్రశ్నను తానే వేసుకుంది. మెచ్చుకోవాల్సింది అక్కడే. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ఇంటికి వెళ్లిన రోగులను వెతికి పట్టుకుంది. వీల్‌చైర్ మీద ఆధారపడినవాళ్లలో చాలామంది రెండేళ్లు తిరగకుండానే చనిపోయారని తేలింది. పుండ్లే పెద్ద శత్రువు. అయితే ఏం చేయాలి? ఫోన్ చేసి కనుక్కుంటూ, అప్పుడప్పుడూ ఇంటికి వెళ్లి చూస్తూ ఉంటే ప్రాణాలు నిలుస్తాయేమో అనుకున్నారు. 410 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రెండేళ్లలో 36 సార్లు ఫోన్లు, మూడుసార్లు ఇంటి సందర్శన. రెండో జట్టుకు మామూలుగా అందే సాయమే. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. మరణాల్లో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

దాతల ముందు ఇలాంటి ఫలితాన్ని చెప్పుకోవడానికి చాలా సంస్థలు జంకుతాయి. వార్షిక నివేదికలో నవ్వుతున్న పిల్లవాడి ఫొటో వేసి పేజీ తిప్పేస్తాయి. సావర్ వాళ్లు మాత్రం తమ మంచి ఆలోచన పని చేయలేదని కాగితం మీద పెట్టారు. దీని అర్థం ఫోన్లు దండగ అని కాదు. ఫోన్లో గొంతు వినిపిస్తే పల్లెలో మంచం మీదున్న మనిషికి ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు. కానీ ఆ ఫోన్ చినిగిన పరుపును మార్చలేదు, రేకుల ఇంటి గడపను తగ్గించలేదు, సంపాదించే మనిషి మంచాన పడ్డ ఇంట్లో రోజూ గుడ్డు పెట్టలేదు. ప్రొటీన్ లేని తిండితో పుండు మానదని మొదటి సంవత్సరం విద్యార్థికీ తెలుసు. రోగం చర్మం మీద కనిపిస్తుంది కానీ దాని మూలం ఆ ఇంటి పేదరికంలో ఉంది. వైద్యం ఒక్కటే ఇంతకంటే ఎక్కువ చేయలేదేమో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వెన్నుపాము గాయాలపై వెలువరించిన నివేదికలో ఏటా రెండున్నర లక్షల నుంచి అయిదు లక్షల మందికి ఈ గాయం అవుతోందని లెక్క కట్టింది. ఇలాంటి గాయమైనవాళ్లు అకాలంగా చనిపోయే ప్రమాదం మిగతావాళ్లకంటే రెండు నుంచి అయిదు రెట్లు ఎక్కువనీ, పేద దేశాల్లో అది మరీ ఎక్కువనీ చెప్పింది. ఒకే గాయం ఏ దేశంలో తగిలిందన్నదాన్ని బట్టి మనిషి ఆయుష్షు మారిపోతుందన్నమాట.

రానా ప్లాజా కూలిన రోజున ఆ గాయాలన్నీ ఒక్కసారిగా సీఆర్‌పీ వాకిట్లోకే వచ్చాయి. సావర్‌లోనే జరిగిన ఘోరం అది. ముందు రోజు గోడల్లో పగుళ్లు కనిపించినా కార్మికులను పనిలోకి రమ్మన్నారు. శిథిలాల కింద ఇరుక్కుని చేతులో కాళ్లో తీసేయాల్సి వచ్చినవాళ్లు, నడుము విరిగినవాళ్లు పెద్ద ఆసుపత్రుల్లో ప్రాణాపాయం దాటాక ఇక్కడికి చేరారు. కృత్రిమ అవయవాలు, వ్యాయామం, మళ్లీ బతుకుదెరువుకు శిక్షణ ఇవన్నీ నెలల తరబడి సాగాయి. కెమెరాలు వారం పది రోజుల్లో వెళ్లిపోయాయి.

ఇక డబ్బు సంగతి. సీఆర్‌పీకి బ్రిటన్‌తో సహా పలు దేశాల్లో మిత్ర బృందాలున్నాయి. విరాళాలు, చేతివృత్తుల అమ్మకాలు, ఢాకాలోని మీర్పూర్ కేంద్రంలో ఇచ్చుకోగలవాళ్ల నుంచి తీసుకునే ఫీజు అన్నీ కలిసి పేదల వైద్యానికి సరిపుచ్చుతాయి. విదేశీ సాయం మీద నడిచే ఏ సంస్థకైనా రెండు గండాలుంటాయి. వాటిలో ఒకటి డబ్బు ఆగిపోవడం. 2025లో అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు విదేశీ విరాళాల అనుమతి చిక్కులో పడినప్పుడు జనం రోడ్డెక్కారు. ఆ సంస్థను మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చింది కూడా 1969లోనే. టేలర్ చంద్రఘోనాలో అడుగు పెట్టిన సంవత్సరం అదే. తాము సాయం చేసే పిల్లలను చూడ్డానికి స్పెయిన్ నుంచి అతిథులు బత్తలపల్లి వైపు వస్తూనే ఉంటారు. కాబట్టి ఈ విషయం మనకు కొత్తదేమీ కాదు.

రెండో గండం ఇంకా సూక్ష్మమైనది. పని తెలిసినవాళ్లంతా విదేశీయులే అయితే వాళ్లు విమానమెక్కిన రోజున పనీ వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. సీఆర్‌పీ దీన్ని తొందరగానే పసిగట్టింది. 1992లో సొంత ఆవరణలోనే బంగ్లాదేశ్ హెల్త్ ప్రొఫెషన్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. ఢాకా విశ్వవిద్యాలయ అనుబంధంతో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ డిగ్రీలు అక్కడ చదువుతారు. ఒకప్పుడు ఇంగ్లండు అమ్మాయి చేతులు పట్టి చేయించిన వ్యాయామాన్ని ఇప్పుడు రంగ్‌పూర్‌ నుంచో బరిశాల్ నుంచో వచ్చిన కుర్రాడు చేయిస్తాడు. బెంగాలీలోనే తిడతాడు, బెంగాలీలోనే బుజ్జగిస్తాడు. పదేళ్ల తర్వాత మళ్లీ వచ్చిన వాలంటీరుకు తన కుర్చీలో తన అవసరం లేని మనిషి కనబడితే కాస్త చివుక్కుమనొచ్చు. ఆ వాలంటీరు నిజంగా చేసి వెళ్లిన పని అదే మరి. రెండు వారాలు ఉండి ఫొటోలతో తిరిగి వెళ్లే విద్యార్థుల కంటే, భాష నేర్చుకుని ఒక్కరికి పని అప్పగించి వెళ్లినవాళ్లే అక్కడ గుర్తుంటారు.

సావర్ దాకా ఎందుకు, వేలూరు ఉంది కదా. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన మేరీ వర్గీస్ అప్పటికి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో యువ డాక్టరు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. ఆస్ట్రేలియాలో పునరావాసం పొంది, న్యూయార్కులో ఆ వైద్యం చదివి, తిరిగొచ్చి 1963లో ఆ విభాగానికి అధిపతి అయింది. 1966లో అక్కడే పునరావాస సంస్థ మొదలైంది. వైద్యానికి వేలూరు వెళ్లని కుటుంబం చిత్తూరు జిల్లాలో అరుదు.

ఆ విభాగం ఏటా ‘రీహాబ్ మేళా’ జరుపుతుంది. వైద్యం పొంది ఇళ్లకు వెళ్లిన పాత రోగులను కుటుంబాలతో సహా మళ్లీ పిలుస్తారు. ఆటలుంటాయి, పాటలుంటాయి, పాత స్నేహాలుంటాయి. పుండుతో కాకుండా పండగకు వచ్చినట్టు తిరిగొచ్చే రోగులు వాళ్లు. అంతమంది ఒకచోట చేరితే ఎవరు బాగున్నారో, ఎవరు చిక్కిపోయారో, ఎవరి కుర్చీ తుప్పు పట్టిందో డాక్టర్లకు చూడగానే తెలిసిపోతుంది. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. ఇక్కడున్న విద్యార్థుల్లో ఎవరైనా ఆ మేళాకు వెళితే, ఆటలు అయిపోయాక నిర్వాహకుల దగ్గర కూర్చుని, పిలిచినా రానివాళ్ల పేర్లు అడిగి రాసుకుని, వాళ్లలో మన జిల్లాలవాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లాలి. వెళ్లేటప్పుడు చేతి అద్దమొకటి వెంట తీసుకెళ్లాలి.